జింకతో కుస్తీ పట్టిన ప్రిన్సిపాల్ తర్వాత ఏం చూడాలి?

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ. నేను డిగ్రీ సెకండియర్. తమ్ముడు టెన్త్ రాసి ఇంట్లోనే ఉన్నాడు, జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కి వెళ్ళిపోతాడు. ఈ సెలవుల్లో ఇద్దరం కలిసి 'నిచిజో' అనే యానిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) మొత్తం చూశాం, తర్వాత 'సైకీ కె.' చూశాం. వాడికి సైకీ ఎక్కువ నచ్చింది, నాకు నిచిజో. ప్రిన్సిపాల్ జింకతో కుస్తీ పట్టే సీన్ వస్తున్నప్పుడు మా అమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి నిలబడింది. ఒలవడం మానేసి ఒకటే నవ్వు. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక "ఏదైనా పెట్టండ్రా" అని తనే అడుగుతోంది. 'నిచిజో లాంటివి' అని వెతికితే హైస్కూలు అమ్మాయిల సిరీస్‌లు ఇరవై వచ్చాయి. మూడు మొదలుపెట్టి, మూడూ రెండో ఎపిసోడ్‌లోనే ఆపేశాం. తమ్ముడి ఫ్రెండ్స్ 'గింతామా' చూడమంటున్నారు, 367 ఎపిసోడ్లని తెలిసి భయం వేసింది. అమ్మ సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేదు. పైగా అమ్మ ముందు ఇబ్బంది పడే సీన్లు ఉండకూడదు. ఏం చూడమంటారు?

సమాధానం: అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తాను. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది చిక్కుడుకాయల మాట. మీ అమ్మకి జపనీస్ రాదు. సబ్‌టైటిల్ చదవలేదు. ఆ పెద్దాయన ఎవరో, స్కూల్లోకి జింక ఎలా వచ్చిందో కూడా తెలియదు. అయినా చేతిలో పని వదిలేసి నవ్వింది. అంటే ఆ నవ్వుకి మాటతో పని లేదు, ముందు కథతోనూ పని లేదు. ఈ కొస పట్టుకుంటే మీ ముగ్గురికీ ఏవి నచ్చుతాయో చెప్పడం నాకు తేలికవుతుంది.

మీరు ఆపేసిన ఆ మూడు సిరీస్‌ల విషయంలో తప్పు మీది కాదు. 'ఇలాంటివే' అని చూపించే జాబితాలు పైపై పోలికలు చూస్తాయి. స్కూలు ఉందా, అమ్మాయిలున్నారా, యూనిఫాం ఉందా, అంతే. పెసరట్టు నచ్చిందన్నవాడికి ఆకుపచ్చగా ఉన్నవన్నీ తెచ్చి పళ్ళెంలో పెట్టినట్టుంటుంది. నిచిజో స్కూల్లో జరుగుతుంది కానీ అందులో నవ్వు స్కూలు వల్ల పుట్టలేదు.

నిచిజో అంటే జపనీస్‌లో 'రోజువారీ' అని. అరావీ కెయిచి గీసిన మాంగాని (జపనీస్ బొమ్మల కథని) క్యోటో యానిమేషన్ 2011లో 26 ఎపిసోడ్లుగా తీసింది. మొదటి ఎపిసోడ్‌లో లంచ్ బాక్స్ సీన్ గుర్తు చేసుకో. హైస్కూలు అమ్మాయి యూకో చాప్‌స్టిక్స్‌లోంచి ఆక్టోపస్ ఆకారంలో కోసిన చిన్న సాసేజ్ ముక్క జారిపోతుంది. జరిగిందల్లా అంతే. కానీ అది నేల తాకకుండా పట్టుకోవడానికి ఆ పిల్ల పడే పాట్లని యుద్ధం సినిమా క్లైమాక్స్‌లా గీశారు. కాలం నెమ్మదించి, ముక్క గాల్లో తిరుగుతుంటే మనం కూడా ఊపిరి బిగబడతాం. ఆ కాసేపటి కోసం యానిమేటర్లు ఎన్ని బొమ్మలు గీసి ఉంటారో ఆలోచించు. కొసరంత విషయానికి కొండంత కష్టం. ఆ సిరీస్ మొత్తాన్ని నడిపేది ఇదే. జింక సీన్‌లో దీనికి ఇంకోటి తోడైంది. ఆ కుస్తీని చూస్తున్నది యూకో ఒక్కతే. ఎవరికి చెప్పినా నమ్మరు, తను చూసింది నిజమో కాదో తనకే తెలియదు. మీ అమ్మ జింకని చూసి ఎంత నవ్విందో, యూకో మొహం చూసి కూడా అంతే నవ్వి ఉంటుందని నా అనుమానం.

నీకు నిచిజో ఎక్కువ నచ్చిందంటే షినోనోమే ఇల్లు కూడా నచ్చే ఉంటుంది. వీపు మీద కీ ఉన్న రోబో అమ్మాయి నానో, ఎనిమిదేళ్ళ ప్రొఫెసర్, ఎర్ర స్కార్ఫ్ కడితే మాట్లాడే సకమోతో పిల్లి. ఆ కీ తీసేయమని నానో బతిమాలుతుంది, ముద్దుగా ఉందని ప్రొఫెసర్ తీయదు. ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు. ఒకవైపు విరగబడి నవ్వించి, ఇంకోవైపు ఊరికే కూర్చోబెట్టే ఈ రెండు నడకలూ కలిసి ఉన్నవి నీకు కావాలి.

మీ తమ్ముడి సంగతి వేరు. సైకీ మనోశక్తులున్న ఒక కుర్రాడి కథ, అందులో బొమ్మ పెద్దగా కదలదు. అసో షుయిచి మాంగాని 2016లో టీవీకి తెచ్చినప్పుడు మొదట ఐదేసి నిమిషాల ముక్కలుగా రోజూ వేసి, తర్వాత వాటినే కలిపి పూర్తి ఎపిసోడ్లు చేశారు. అందుకే ఆ వేగం. జపాన్‌లో మన్‌జాయ్ అనే ఇద్దరు మనుషుల హాస్యం ఒకటుంది, దానికి ఒసాకా పెట్టింది పేరు. ఇద్దరిలో ఒకడు అర్థం లేకుండా వాగుతాడు, వాణ్ణి 'బొకే' అంటారు. రెండోవాడు "ఏంట్రా నీ వాగుడు" అని నెత్తిన ఒకటిస్తాడు, వాడు 'త్సుక్కోమి'. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంటని చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. సైకీలో కొత్త ఏమిటంటే, అక్కడ త్సుక్కోమి నోరు విప్పడు. అతని క్లాసు పిల్లలు నెందో, కైదో, తెరుహాషి అందరూ బొకేలే. సైకీ వాళ్ళందరికీ మనసులోనే జవాబు చెబుతుంటాడు. ఆ జవాబు వినేది మనమొక్కళ్ళమే. మీ తమ్ముడికి నచ్చింది ఆ వేగం, ఆ గుట్టు. అది సబ్‌టైటిల్ చదివితేనే అందుతుంది కాబట్టి అమ్మ అందులో కలవలేకపోయి ఉంటుంది.

కాబట్టి రాత్రి హాల్లో ముగ్గురూ చూసేవి వేరు, మధ్యాహ్నం మీరిద్దరూ చూసేవి వేరు. ముందు రాత్రివి చెబుతాను.

అన్నిటికంటే ముందు 'సిటీ ది యానిమేషన్'. నిచిజో గీసిన అరావీ కెయిచిదే ఈ మాంగా కూడా. తీసిందీ క్యోటో యానిమేషనే, 2025 జూలైలో మొదలై 13 ఎపిసోడ్లు. ఈసారి స్కూలు బదులు ఒక ఊరు మొత్తం ఉంటుంది. చేతిలో పైసా లేని కాలేజీ అమ్మాయి నగుమో, అద్దె అడిగే ఇంటి ఓనరమ్మ, నగుమో పనిచేసే రెస్టారెంటు వాళ్ళు, పోలీసు, వీధిలో పోయేవాళ్ళు. ఎవరు ముఖ్యపాత్ర అని వెతక్కండి, ఊరే ముఖ్యపాత్ర. మొదటి రెండు ఎపిసోడ్లలో ఇంతమంది మొహాలు గుర్తుండక కాస్త తికమకగా ఉంటుంది, అక్కడ ఆపేయవద్దు. ఐదో ఎపిసోడ్‌కి వచ్చేసరికి తెర గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. ఒక్కో గడిలో ఒక్కో మనిషి కథ, అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. ఒక గడిలో ఉన్నవాడు నడుచుకుంటూ ఇంకో గడిలోకి వస్తాడు. నేను దాన్ని మూడుసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ వేరే గడి మీద కన్ను పెట్టాను. మీరు ముగ్గురున్నారు కాబట్టి తలా ఒక మూల పంచుకుని చూసి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోండి. అమ్మకి అందులో ఒక్క సబ్‌టైటిల్ కూడా అక్కర్లేదు.

ఈ సిరీస్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. నిచిజోకి పాత్రల రూపకల్పన చేసిన నిషియా ఫుతోషి వారిలో ఒకరు. యూకో మొహంలో ఆ నోరు తెరుచుకునే తీరు, సకమోతో పిల్లి విసుగు, మీ ఇంట్లో అందరూ నవ్విన ఆ మొహాలకి తెరమీద రూపం ఇచ్చింది ఆయన. అదే స్టూడియో 14 ఏళ్ళ తర్వాత అదే రచయిత దగ్గరికి తిరిగొచ్చి, రంగుల్లో ముంచి తీసినట్టున్న ఈ నవ్వుల ఊరిని కట్టింది. దర్శకుడు ఇషిదాతే తైచి. 2018లో 'వయొలెట్ ఎవర్‌గార్డెన్' తీసి అందరినీ ఏడిపించింది ఆయనే. సిటీ చూస్తూ నాకు నవ్వుతోపాటు గొంతులో ఏదో అడ్డం పడుతూనే ఉండేది. మీకు అలా అనిపించాలని లేదు. ఊరికే నవ్వుకున్నా చాలు.

రెండోది 'సకమోతో దెసు గా?', 2016లో వచ్చింది. మన పిల్లికీ ఇతనికీ చుట్టరికం లేదు, జపాన్‌లో సకమోతో మామూలు ఇంటిపేరు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక కుర్రాడు, ఏం చేసినా నాట్యంలా ఉంటుంది. ఏడిపించాలని తోటివాళ్ళు బాత్‌రూమ్ తలుపు పైనుంచి బకెట్ నీళ్ళు పోస్తే లోపల గొడుగు వేసుకుని కూర్చుని ఉంటాడు. క్లాసులోకి కందిరీగ వస్తే జామెట్రీ బాక్స్‌లోని వృత్తలేఖినిని కత్తిలా పట్టి దానితో ద్వంద్వయుద్ధం చేస్తాడు. మొహంలో చెమట బొట్టు ఉండదు. అమ్మ గురించి రాసిందంతా చదివాక నాకు మొదట తట్టింది ఈ సిరీసే, ఎందుకంటే ఇందులో నవ్వంతా ఒంటి కదలికలోనే ఉంది. ఒకే చిట్కా మీద నడుస్తుంది కాబట్టి వరసగా నాలుగు ఎపిసోడ్లు పెడితే పల్చబడుతుంది. రాత్రికి ఒక్కటి చాలు.

మూడోది పాతది, 'అజుమాంగా దాయో'. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నీకు కావలసిన 'ఊరికే కూర్చోబెట్టే' నడక దీనిలో ఉంది. అజుమా కియోహికో దీన్ని 1999 నుంచి 2002 దాకా నాలుగు గళ్ళ మాంగాగా గీశాడు. జపాన్‌లో ఈ నాలుగు గళ్ళకి ఒక పద్ధతి ఉంది. మొదటి గడిలో మాట ఎత్తుకోవాలి, రెండో గడిలో దాన్ని సాగదీయాలి, మూడో గడిలో మలుపు తిప్పాలి, నాలుగో గడిలో దించేయాలి. 2002లో వచ్చిన 26 ఎపిసోడ్ల యానిమే ఈ పద్ధతిని వదల్లేదు కానీ మూడో గడికీ నాలుగో గడికీ మధ్య బోలెడంత మౌనం పెట్టింది. సకాకి అని పొడుగ్గా, గంభీరంగా ఉండే అమ్మాయి ఉంటుంది. ఆమెకి పిల్లులంటే ప్రాణం. రోడ్డు పక్క గోడ మీద బూడిదరంగు పిల్లి కనపడుతుంది. చెయ్యి చాపుతుంది, మెల్లగా, ఇంకా మెల్లగా. పిల్లి కదలదు. మనం కూడా కదలం. వేళ్ళు దాదాపు తగులుతాయనగా పిల్లి నోరు పుర్రె అంత తెరిచి చెయ్యి కొరికేస్తుంది. ఇదే మళ్ళీ వస్తుంది, మళ్ళీ కొరుకుతుంది. పదోసారి కొరికినప్పుడు నవ్వుతో పాటు ఆ పిల్ల మీద జాలి కూడా వేస్తుంది. తర్వాత ఒకినావా వైపు టూర్‌కి వెళ్ళినప్పుడు ఆ చేతికి ఏం దక్కుతుందో నేను చెప్పను, అప్పటిదాకా చూడండి.

నేను దీన్ని మా నాన్నమ్మతో కలిసి చూశాను. సబ్‌టైటిల్స్ నేను తెలుగులో చదివి చెప్పేదాన్ని. అందులో ఒసాకా అనే పిల్ల ఉంది. ఒసాకా నుంచి వచ్చింది కాబట్టి చలాకీగా ఉంటుందని అందరూ అనుకుంటారు, ఆ పిల్లేమో ఎప్పుడూ ఏదో లోకంలో ఉంటుంది. ఒక ఎపిసోడ్‌లో నిద్రపోతున్న టీచర్‌ని పెనం మీద గరిటెతో కొట్టి లేపాలనుకుంటుంది, గరిటె అనుకుని వంటింట్లోంచి కత్తి పట్టుకొస్తుంది. కత్తి పట్టుకునే మెల్లగా, మర్యాదగా గుడ్ మార్నింగ్ చెబుతుంది. నాన్నమ్మ ఆ పిల్లకి 'నిద్రమొహం' అని పేరు పెట్టింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం "నిద్రమొహం వచ్చిందా" అని అడిగేది. నేను చదివి చెప్పడంలో సగం జోకులు చెడిపోయాయి, అయినా ఆమెకి ఆ పిల్ల దక్కింది. నువ్వూ అమ్మ కోసం అలాగే చెయ్యి. ప్రతి మాటా తర్జుమా చెయ్యకు. సీన్ మొదట్లో ఒక్క ముక్క చెప్పు: "ఈ పిల్ల గరిటె అనుకుని కత్తి తెచ్చింది." మిగతాది మొహాలు చెబుతాయి. నవ్వొచ్చే క్షణంలో మాత్రం నోరు మెదపకు. అక్కడ మనం మాట్లాడితే ఆ మౌనం చెడిపోతుంది.

దీనికి మూడు ఎపిసోడ్లు ఇవ్వండి. మొదటిది చూసి "ఇందులో ఏం జరగట్లేదు" అనిపించడం ఖాయం. ఆ పిల్లల హైస్కూలు మూడేళ్ళూ అందులో గడుస్తాయి, చివర్లో స్కూలు వదిలి వెళ్ళిపోతారు. అప్పటికి వాళ్ళని వదలబుద్ధి కాదు. ఇది నచ్చితే అదే రచయిత 2003 నుంచి గీస్తున్న 'యోత్సుబా తో' మాంగా ఇంగ్లిష్ అనువాదంలో దొరుకుతుంది, నువ్వు చదువుకో. దానికి యానిమే లేదు. చిన్న పిల్ల మామూలు వస్తువుని మొదటిసారి చూడటం లాంటి సంగతులతోనే పేజీలు గడిచిపోతాయి.

అమ్మకి రాత్రి పది నిమిషాలే ఖాళీ ఉన్న రోజుల కోసం 'చీస్ స్వీట్ హోమ్' ఉంచుకోండి. 2008 సిరీస్, ఒక్కో ఎపిసోడ్ మూడు నిమిషాలు, తల్లి నుంచి తప్పిపోయిన పిల్లికూన కథ. షిన్‌చాన్ సంగతి నేను చెప్పక్కర్లేదు, టీవీలో తెలుగులో మాట్లాడే షిన్‌చాన్‌ని చూసి పెరిగిన తరమే మీది. అమ్మ కూడా అప్పట్లో వంటింట్లోంచి వినే ఉంటుంది.

ఇక మధ్యాహ్నాలు, మీరిద్దరే ఉన్నప్పుడు. ఇక్కడ నీకో దారి చెబుతాను, ఇది ఈ వేసవికే కాదు, ఎప్పుడూ పనికొస్తుంది. ఒక కామెడీ నచ్చితే దాని దర్శకుడి పేరు చూసి, ఆయన ఇంకేం తీశాడో వెతుకు. జోకు రాసేది రచయితే కానీ, అది పేలే ముందు ఎంతసేపు ఆగాలో తేల్చేది దర్శకుడు. సైకీ తీసిన సకురాయ్ హిరోఆకి 2003లో 'క్రోమార్టీ హైస్కూల్' తీశాడు. పన్నెండు నిమిషాల ఎపిసోడ్లు, రౌడీ కుర్రాళ్ళు నిండిన బడిలో ఒక బుద్ధిమంతుడు చేరతాడు. ఆ క్లాసులో ఒక గొరిల్లా ఉంటుంది, ఒక రోబో ఉంటుంది. అది రోబో అని ఆ ఒక్కడికీ ఇంకో ఒకరిద్దరికీ తప్ప ఎవరికీ అనుమానం రాదు. బొమ్మలు బిగుసుకుని, దాదాపు కదలకుండా ఉంటాయి. సైకీ నచ్చినవాడికి ఆ కదలకపోవడంలోని సుఖం తెలుస్తుంది.

ఈ పద్ధతిలోనే తకమత్సు షింజి అనే పేరు గుర్తు పెట్టుకో. 2004లో 'స్కూల్ రంబుల్', 2006లో గింతామా తొలి భాగం, 2012లో 'దాన్షి కోకోసేయ్ నో నిచిజో', పైన చెప్పిన సకమోతో, అన్నీ ఆయనవే. వీటిలో మూడోది మీ తమ్ముడికి నా మొదటి మాట. పేరులో మళ్ళీ 'నిచిజో' ఉంది చూడు, 'హైస్కూలు మగపిల్లల రోజువారీ బతుకు' అని. 12 ఎపిసోడ్లే. పెద్ద పెద్ద రోబోల సిరీస్‌లకి పేరుపడ్డ సన్‌రైజ్ స్టూడియో వాళ్ళు ముగ్గురు పనిలేని కుర్రాళ్ళ మీద తీశారు.

మొదటి ఎపిసోడ్‌లోనే ఏటిగట్టు సీన్ ఉంది. హిదెనోరి గట్టు మీద ఒక్కడే పుస్తకం చదువుకుంటుంటాడు. ఎవరో అమ్మాయి, తనూ పుస్తకంతోనే, వచ్చి కాస్త వెనకాల కూర్చుంటుంది. మాట లేదు. గాలి వీస్తోంది. వాడికి గుండె దడ. ఇంత ఖాళీ గట్టు మీద నా వెనకే ఎందుకు కూర్చుంది, నవలల్లోలా ఏదో మొదలవ్వాలని ఎదురుచూస్తోందా, ఇప్పుడు నేను ఏదో ఒక గొప్ప మాట అనాలా? ఎంతో సేపు తన్నుకుని చివరికి అంటాడు: ఇవాళ గాలి అల్లరి చేస్తోంది. అనగానే వాడికే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఆ అమ్మాయేమో ఆనందం పట్టలేకపోతుంది. తనూ గాలి మీదే ఒక మాట అంటుంది. ఇంకో స్నేహితుడు వచ్చి వాడూ అదే ధోరణిలో అందుకుంటాడు. ఇంక ఇది ఎక్కడికో వెళ్ళిపోతుందనగా మూడోవాడు పరిగెత్తుకొచ్చి, పక్క షాపులో తినేవి సగం ధరకే ఇస్తున్నారు పదండ్రా అంటాడు. పదిహేనేళ్ళ వయసులో గొప్పగా మాట్లాడాలని నోరు తెరిచి, మాట బయటికొచ్చాక దుప్పటి ముసుగేసుకోవాలనిపించిన వాళ్ళెవరైనా ఆ సీన్‌లో తమని చూసుకుంటారు. మీ తమ్ముడు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు. ఇందులో మగపిల్లల మోటు జోకులు కొన్ని ఉన్నాయి, అక్క స్కర్ట్ తొడుక్కుని చూడటం లాంటివి. చెడ్డవి కావు, కానీ అమ్మ ముందు వాడే ఇబ్బంది పడతాడు.

వాడికే ఇంకోటి, 'హినమత్సురి'. 2018 సిరీస్, 12 ఎపిసోడ్లు. యాకూజా అనే నేరగాళ్ళ ముఠాలో పనిచేసే నిత్తా అనేవాడి గదిలో ఒకరోజు ఇనపగుడ్డు లాంటిది ఊడిపడుతుంది, అందులోంచి హినా అనే పిల్ల బయటికొస్తుంది. సైకీకి ఉన్నట్టే ఆ పిల్లకీ మనోశక్తి ఉంది, దాంతో నిత్తా ఎంతో ఇష్టంగా కూడబెట్టుకున్న కూజాలు పగలగొడుతుంది. ఇలాంటి శక్తులున్న అంజూ అనే ఇంకో పిల్ల వస్తే, ఇద్దరూ తలపడేది మన పిల్లలు ఆడుకునేలాంటి ఆటలో. వేలు ఎటు చూపిస్తే మొహం అటు తిప్పకూడదు, అంతే. ఇద్దరూ మనోశక్తితో ఎదుటివాళ్ళ మెడ తిప్పాలని చూస్తూ, మెడ తిరగకుండా బిగబట్టుకుంటూ మొహాలు వంకర్లు పోతాయి. ఇక్కడ బొమ్మ కదలిక చూస్తే నిచిజో సాసేజ్ గుర్తొస్తుంది, కాబట్టి ఇది నీకూ వాడికీ మధ్య వంతెన లాంటిది. అదే అంజూ తర్వాత ఇల్లూ వాకిలీ లేని మనుషుల మధ్య చేరి, ఖాళీ డబ్బాలు ఏరుకుని అమ్ముకుంటూ బతకడం నేర్చుకుంటుంది. ఆ కథ ముగిసే చోట నాకు కళ్ళు తడిశాయి. నవ్విస్తూ నవ్విస్తూనే మనిషి కష్టాన్ని అంత మర్యాదగా చూపించిన కామెడీలు నేను ఎక్కువ చూడలేదు. బార్లు, ముఠాలు ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నానికే ఉంచండి.

నీకు ఒక్కదానికే అయితే 'గెక్కన్ షోజో నోజాకి-కున్', 2014, 12 ఎపిసోడ్లు. సకురా అనే అమ్మాయి నోజాకికి ప్రేమ సంగతి చెప్పబోయి, కంగారులో నేను నీ అభిమానిని అనేస్తుంది. అతను ఆటోగ్రాఫ్ ఇస్తాడు. ఆ కుర్రాడు అమ్మాయిల మాంగా గీసే రచయిత అని అప్పుడు తెలుస్తుంది. ఆమెకి ప్రేమ బదులు బొమ్మల్లో నల్లరంగు నింపే పని దొరుకుతుంది.

గింతామా దగ్గరికి వద్దాం. మీ తమ్ముడి స్నేహితులు చెప్పింది నిజం, అది గొప్ప సిరీస్. సోరాచి హిదెఆకి మాంగా 2003లో మొదలైంది, యానిమే 2006లో. గ్రహాంతరవాసులు ఆక్రమించిన 'ఎదో' (టోక్యో పాత పేరు) నగరంలో, కత్తి పట్టే రోజులు పోయిన సమురాయ్ ఒకడు అద్దె కట్టలేక, తీపి మానలేక బతుకుతుంటాడు. షింపాచి అనే కుర్రాడు అందులో త్సుక్కోమి, సైకీ మనసులో అనుకునేదంతా వీడు గొంతు చించుకుని అరుస్తాడు. ఒక్కోసారి వాళ్ళ ఇంటి బయటి బొమ్మ ఒక్కటే తెర మీద పెట్టి, లోపల పోట్లాడుకుంటున్న గొంతులు మాత్రం వినిపిస్తారు, అలాగే నిమిషాలు గడిచిపోతాయి. అయినా ఏడు వారాల్లో దాన్ని మింగాలని చూడకండి. 367 ఎపిసోడ్లు పూర్తిచేయాలన్న లెక్కతో చూస్తే నవ్వు పోయి పని మిగులుతుంది. అందులో చాలా జోకులు జపాన్ టీవీ మీద, వేరే మాంగాల మీద ఉంటాయి. ఇంకో నాలుగైదు సిరీస్‌లు చూశాక వాటి రుచి పెరుగుతుంది. ఇప్పుడే మొదలుపెట్టి తీరాలని వాడు పట్టుబడితే మూడో ఎపిసోడ్ నుంచి పెట్టు. మొదటి రెండూ అప్పటికే మాంగా చదివినవాళ్ళ కోసం చేసిన ప్రత్యేక ఎపిసోడ్లు, కొత్తవాళ్ళకి తలా తోకా అందదు. అందులో బూతు జోకులు బాగానే ఉన్నాయి, హాల్లో మాత్రం వద్దు.

ఎవరైనా చెబితే కాస్త ఆగమనేవి కూడా ఉన్నాయి. 'గ్రాండ్ బ్లూ' కూడా తకమత్సుదే, డైవింగ్ క్లబ్ కుర్రాళ్ళ కథ, కానీ మొత్తం తాగుడు, బట్టలిప్పుకు తిరగడం. టెన్త్ రాసిన పిల్లాడితో కూర్చుని చూసేది కాదు. 'అసోబి అసోబాసే' బొమ్మ చూస్తే పూలతోటలో ముగ్గురు బుట్టబొమ్మల్లా ఉంటారు, లోపల జోకులు చాలా మోటు. నువ్వు ఒక్కదానివే చూస్తే బాగా నవ్వుతావు. 'కోనోసుబా' కూడా నవ్విస్తుంది, కానీ అందులో అమ్మ ముందు ఇబ్బంది పడే సీన్లు ఉన్నాయని నువ్వు అడక్కముందే చెబుతున్నాను.

వాడు వెళ్ళే ముందు వారానికి 'బారాకమోన్' దాచండి. హాందా అనే కుర్ర కాలిగ్రాఫర్ తన రాతని పుస్తకంలో రాతలా ఉందన్నందుకు ఒక ముసలాయన్ని అందరి ముందూ కొడతాడు. బుద్ధి రావాలని తండ్రి వాణ్ణి నాగసాకి దగ్గర గోతో దీవులకి పంపేస్తాడు. అక్కడ అద్దెకి తీసుకున్న ఇల్లు ఊరి పిల్లలకి అప్పటికే రహస్య స్థావరం. ఏడేళ్ళ నారు తాళం తీయకుండానే లోపలికి వస్తుంది. మాంగా రాసిన యోషినో సత్సుకి పుట్టి పెరిగింది ఆ దీవుల్లోనే. బారాకమోన్ అన్నది ఆ ఊరి మాటే, హుషారైనవాడు అని. పిల్లల పాత్రలకి పిల్లల చేతే గొంతు ఇప్పించారు, నారు నవ్వితే ఆ తేడా మీకు వెంటనే తెలుస్తుంది. మొదటి ఎపిసోడ్ చివర సముద్రం పక్క గోడ ఎక్కితేనే అవతల ఏముందో కనపడుతుందని నారు అంటుంది, హాందా తంటాలు పడి ఎక్కుతాడు. ఇల్లు వదిలి కొత్త చోటికి వెళ్ళబోతున్న పిల్లాడికి చూపించడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. అమ్మకి మాటలు కొంచెం ఎక్కువ చదివి పెట్టాల్సి వస్తుంది, చదువు. ఈ ఒక్కదానికి ఆ శ్రమ పడు.

హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి ఒక పని చెయ్యండి. సిటీ 13 ఎపిసోడ్లలో పదకొండు చూసి ఆపండి. చివరి రెండూ దసరా సెలవులకి వాడు ఇంటికొచ్చిన రాత్రికి ఉంచండి. ఈలోగా నువ్వు చూడొద్దు. అమ్మ అడిగినా పెట్టొద్దు.